బిరుదులు వినని పులి

వజ్రకూట రాజ్యంలో పులివేట అంటే ఏమిటో తెలియాలంటే ముందు దాని ఊరేగింపు చూడాలి. ఏనుగు మీద నగారా. దాని వెనక కొమ్ముబూరలు, తప్పెట్లు. వాటి వెనక ముత్యాల కుచ్చుల గొడుగులు, నెమలీకల వింజామరలు, పొద్దుటి ఎండకు తళతళలాడే బంగారు పల్లకీ. యువరాజు గుర్రం ఎక్కినా దిగినా ఒంటికి పునుగూ జవ్వాదీ పూయాలని మాకు శాసనం ఉంది కాబట్టి, వెండి గిన్నెలు పట్టుకున్న పరిచారకులు ఆయన గుర్రం పక్కనే రొప్పుతూ పరుగెత్తుతున్నారు. ఆ ఘుమఘుమకు మొగిలికోన అడవిలో మొగిలిపూల వాసన కూడా తెలియకుండా పోయింది.

వీటన్నిటికీ ముందు, నగారా ఏనుగుకు కూడా ముందు, కాలినడకన ఒక్క మనిషి నడుస్తాడు. ఆ మనిషిని నేను. పేరు ఘంటాభట్టు. యువరాజు శరభాంకుడి బిరుదులు గొంతెత్తి చదివే ఆస్థాన వందిని. పులి వస్తే మొట్టమొదట కనబడేది నేనేనని మా ఆవిడ కాపురానికొచ్చిన కొత్తలోనే కనిపెట్టి శోకాలు పెట్టింది. “పిచ్చిదానా, మూడు తరాలుగా మన వేటల్లో పులి ఒక్కడిని కూడా గీరలేదే!” అని ఓదార్చాను. ఎందుకు గీరలేదో అప్పుడు నాకు తెలియదు.

ఇంకో ఆచారం కూడా చెప్పాలి. నేను బిరుదులన్నీ చదివి చివర “బహుపరాక్” అనేదాకా యువరాజు బాణం వదలకూడదు. తనను చంపేది ఎవరో తెలియకుండా చావడం పులికైనా పరువు తక్కువని మా పెద్దలు తేల్చారు. శరభాంకుడు బొమ్మ విల్లు పట్టిన నాటి నుంచీ ఇదే సాధన. నేను “బహుపరాక్” అంటాను, ఆయన వేళ్లు విడతాయి. అనకపోతే విడవవు. గురి మాత్రం తిరుగులేనిది, దానికి నేను సాక్ష్యం.

ఊరేగింపు చివర రెండు జతల ఎడ్లు లాగలేక లాగుతున్న బండి మీద యువరాజు చెల్లెలు కువలయ ఉంది. కూర్చుని లేదు, నిలబెట్టి తాళ్లతో కట్టారు. ఎందుకంటే పాదాల నుంచి భుజాల దాకా ఆ పిల్ల నల్లరాయి.

సంగతేమిటంటే, ధూమ్రజటుడనే మాంత్రికుడు ఆమెను పెళ్లాడతానని వచ్చాడు. పొయ్యిలోంచి లేచిన పొగలాంటి జడలు, ఒంటినిండా బూడిద, పైగా పట్టుపంచె. “నిన్ను చేసుకోవడం కన్నా రాయైపోవడం నయం” అంది కువలయ. ఆడపిల్లలు లక్ష అంటారు. ఆ దౌర్భాగ్యుడు “అలాగే కానీ” అని చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. ఆ పొద్దు కాలి బొటనవేళ్ల దగ్గర మొదలైన రాయి పైపైకి పాకుతూనే ఉంది. కనురెప్పలు కూడా రాయైతే ఇక బ్రహ్మ దిగొచ్చినా ఆమె మనిషి కాదు. వాడు చస్తేనే ఆ మంత్రం విరుగుతుంది.

మాంత్రికుల ప్రాణాలు చిలకల్లో ఉంటాయని లోకమంతా ఎరుగును. ధూమ్రజటుడూ ఎరుగును. చిలకలో దాచుకున్న ప్రతివాడూ చివరికి పీక నులిమించుకుని చచ్చాడని గ్రహించి, వాడు తన ప్రాణాన్ని మొగిలికోన ఆడపులిలో పెట్టుకున్నాడు. ఎవడు నులుముతాడో రమ్మనండి అని వాడి ధీమా. ఇంత రహస్యం మాకెలా తెలిసిందంటారా? పెళ్లిచూపుల్లో వాడే చెప్పాడు. తన గొప్ప చెప్పుకోకుండా పెళ్లిచూపుల నుంచి లేచిపోయిన మగవాణ్ని నేనింతవరకూ చూడలేదు.

“భట్టుగారూ!” అని బండి మీంచి కేకేసింది కువలయ. ఒళ్లు రాయైనా నోటికి పదును తగ్గలేదు. “మా అన్న బిరుదుల్లో ఒక్కటైనా నిజముందా? సప్తసముద్ర విహారి అంటారు. వాగులో మోకాటిలోతు దాటితే కళ్లు మూసుకుంటాడు.”

నేను గబగబా వెనక్కి నడిచి, “తల్లీ, బిరుదన్నాక కాస్త వదులుగా కుట్టాలి. మనిషి ఎదుగుతాడు కదా” అన్నాను.

“ఎదిగేదాకా ఏం చేస్తాడు, మడిచి కట్టుకుంటాడా? వాడికి సరిగ్గా సరిపోయిన బిరుదు ఒక్కటే, అది నేనిచ్చాను. కువలయకు అన్న. అది చదవరేం?”

“దానికి ప్రాస కుదరదమ్మా.”

శరభాంకుడు నవ్వలేదు. ఆయన గుర్రం దిగేసి బండిచక్రం పక్కనే నడుస్తున్నాడు. మాటిమాటికీ చెయ్యి చాచి చెల్లెలి మెడ దగ్గర తాకి చూస్తున్నాడు. రాయి ఎంతదాకా వచ్చిందో వేళ్లతో తెలుసుకుంటున్నాడు. దిగినందుకు పునుగు పూయడానికి ఒకడు గిన్నెతో వెంటపడుతూనే ఉన్నాడు.

అంతలో ముందునుంచి “అదిగో పులి!” అని గావుకేక వినబడింది. కేక పెట్టింది మా వేటపెద్ద నాగినాయకుడు. చెవులదాకా మీసాలు, మెడనిండా పులిగోళ్ల దండలు, నడిస్తే కొబ్బరిచిప్పలు తగులుకున్నట్టు చప్పుడు. తాతగారి కాలం నుంచీ రాజవంశానికి పులుల్ని చూపించే పెద్దమనిషి.

పరుగున ముందుకు వెళ్లి చూస్తే నిజంగానే పులి. మొగిలిపొదల్లోంచి తాపీగా వచ్చి, పచ్చిక మధ్యలో నిలబడి, మా వైపు చూసి నోరంతా తెరిచి ఆవలించింది. ఆ కోరలు చూడగానే ఏనుగు వెనక్కి చేరాలనిపించింది. కానీ వృత్తి వృత్తే. “జయ జయ! వజ్రకూట వంశాబ్ధి చంద్ర! పరరాజ శిరోవేదన! శార్దూల కుల కాలదండ! సప్తసముద్ర విహారి!” అని అందుకున్నాను. నా బిరుదులు పూర్తిగా చదవడానికి కుండెడు బియ్యం ఉడికేంతసేపు పడుతుంది. అంతసేపూ ఆ పులి కదలకుండా నిలబడి వింది. మధ్యలో ఒకసారి కూర్చుంది కూడా. నేను “బహుపరాక్!” అన్నాను. నారి మోగింది. పులి పక్కకు ఒరిగింది.

నగారా మోగింది, పూలు కురిశాయి. నాగినాయకుడు మీసం మెలేశాడు. శరభాంకుడు విల్లు పారేసి బండి దగ్గరకు పరుగెత్తాడు.

“రాయి ఆగలేదన్నా. మెడంతా చల్లబడింది” అంది కువలయ. తర్వాత చచ్చిన పులి వైపు చూసి, “దాని ఎడమ చెవి చూడు. చివర చీలిక ఉందా?” అని అడిగింది.

ఉంది.

“అయ్యో, వీడు మన గజశాల వెనక దొడ్లో ఉండే బుజ్జిగాడే! చిన్నప్పుడు నేనే వీడి చెవిలో నా గాజు ఇరికించి లాగితే చీరుకుపోయింది. పాపం, కరవను కూడా కరవలేదు” అని ఆ పిల్ల బావురుమంది. కన్నీళ్లు చెంపల మీద నుంచి జారి రాతి మెడ మీద పడ్డాయి. అప్పుడు మాకింకో సంగతి తట్టింది. మేము వచ్చింది ఆడపులి కోసం. పడినది మగపులి. అంత జనంలో ఒక్కడికైనా అది చూడాలని తోచలేదు, నాతో సహా.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఏమీ అనకముందే నాగినాయకుడు మోకాళ్ల మీద కూలబడ్డాడు. శరభాంకుడి కత్తి వాడి మీసాన్ని తాకింది.

“బాబూ, తమ ప్రాణం కాపాడటానికే చేశాను. నిజం పులి మీదకొస్తే వంశం ఏంగావాలి? నల్లమందూ బెల్లమూ కలిపి పెట్టి పెంచినవాణ్నే తెచ్చి వదిలాను. తాతగారి రోజుల నుంచీ ఇంతే బాబూ. తమరి తాతగారూ నాన్నగారూ కొట్టింది ఒకటే పులి. అప్పట్లో బాణాలకు మొన ఉండేది కాదు. తగలగానే పడిపోవడం దానికి నేర్పాను. మహానటి, దాని ఆత్మకు శాంతి కలగాలి.”

“మరి ఈ గోళ్లు?” అన్నాను, దండ పట్టుకుని.

“దున్నకొమ్ము” అన్నాడు తల వంచుకుని.

శరభాంకుడు కత్తి ఎత్తాడు. ఆ ముఖం చూస్తే నాకే భయమేసింది. అప్పుడు కువలయే అడ్డుపడింది. “ఆగన్నా. ఇన్నేళ్లుగా మన దారిలోకి నిజం పులి ఒక్కటి కూడా రాకుండా వీడు ఎలా ఆపాడో అడుగు. రాకుండా చేసేవాడికి, రప్పించడమూ తెలుస్తుంది.”

నాగినాయకుడు తల పైకెత్తాడు. చావు తప్పినవాడి ముఖంలో నెమ్మదిగా పూర్వపు గర్వం తిరిగొచ్చింది. “అమ్మాయిగారు మహా సూక్ష్మం! తెలియకేం బాబూ? నగారా, పునుగూ, గొడుగులూ, ఈ భట్టుగారి గొంతూ, అన్నీ పులిని తరమడానికే కదా శాసనాల్లో రాయించాం. మనం ఇన్నాళ్లూ చేసినదానికి తలకిందులుగా చేస్తే చాలు, పులి దానంతటదే వస్తుంది” అన్నాడు.

నా గొంతు పులిని తరిమే పనిముట్టని నాకు ఆ పూటే తెలిసింది. నాకు కోపమొచ్చింది, కానీ ఎవరూ చూడలేదు.

ఏనుగూ, పల్లకీ, పరిచారకులూ అందరూ వెనక్కి పోయారు. మిగిలింది అన్నాచెల్లెళ్లూ, నేనూ, నాగినాయకుడూ, బండీ. బతికుంటే బలుసాకు తినొచ్చని నేనూ ఏనుగు వెంట రెండడుగులు వేశాను కానీ వేటపెద్ద నా పైపంచె పట్టుకుని ఆపాడు. “తమరు కావాలి. తమరే ముఖ్యం” అన్నాడు. ఆ మర్యాద వెనక ఏదో ఉందని అప్పుడే అనుమానించాను.

ముందు యువరాజును వాగులోకి దింపాడు. సున్నిపిండి లేదు, శీకాయ లేదు, ఒట్టి ఒండ్రుమట్టితో ఒళ్లంతా తోమించాడు. మూడు తరాల పునుగు వదలడానికి వాగు నీళ్లు చాలవేమో అనిపించింది. తర్వాత అక్కడి చెట్ల ఆకులే నలిపి రాయించి, చివర లేడి పెంటికలు తెచ్చి పంచెకు రుద్దించాడు. శరభాంకుడు ముక్కు మూసుకోకుండా నిలబడ్డాడు. నా వంతు వచ్చేసరికి నేను వంశగౌరవం గురించి మాట్లాడబోయాను. నాగినాయకుడు నా నోట్లో తాంబూలం ఉమ్మించి, నా బొడ్లోంచి నశ్యం డబ్బీ లాగి వాగులో పారేశాడు. పులి మీద పుట్ర అంటే ఇదే.

“పులి కళ్లను మోసం చెయ్యొచ్చు, చెవుల్ని మోసం చెయ్యొచ్చు, ముక్కుని మాత్రం చెయ్యలేం బాబూ. కొత్త వేటగాళ్లు ముఖాన మసి పూసుకుని, కొమ్మలు కట్టుకుని, గాలి సంగతి మర్చిపోతారు. వాడి వాసన వాడికంటే ముందు పోయి పులికి నమస్కారం పెడుతుంది” అంటూ చిటికెడు బూడిద గాల్లో వదిలాడు. బూడిద కొండవైపు నుంచి వాగువైపు తేలిపోయింది. “గాలి ఇటు పోతోంది. పులి అరుపు విని తిన్నగా రాదు. దానికి అంత తెలివితక్కువా? చుట్టు తిరిగి, గాలి ఎటు పోతోందో అటుపక్కకు చేరి, ముందు వాసన చూసుకుంటుంది. అందుకని అరిచేవాడి దగ్గర విలుకాడు కూర్చోకూడదు. అటుపక్క, పులి నడిచే దారిలో కూర్చోవాలి.”

“అరిచేవాడా? ఎవడు అరిచేవాడు?” అన్నాను.

ముగ్గురూ నా వైపు చూశారు.

గాయపడిన లేడిపిల్లలా అరవాలట. సరే, నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు, నా నోరు ఎన్ని ఊళ్లు తిరగలేదు? గొంతు సవరించుకుని, చెవిమీద చెయ్యి పెట్టుకుని, కింది స్థాయిలో ఎత్తుకుని పైకి పోయి అక్కడో గమకం వేశాను.

నాగినాయకుడు నెత్తి కొట్టుకున్నాడు. “అయ్యా, లేడిపిల్ల చస్తోంది, సన్మానానికి రాలేదు! చిన్నగా మొదలెట్టండి. పులి పక్క పొదలోనే ఉందేమో, ముందే గట్టిగా అరిస్తే జడుసుకుంటుంది. రెండరుపులు, ఆపండి. చాలాసేపు ఆపండి. చచ్చేది ఊపిరి తీసుకోవాలి కదా? మళ్లీ అరవండి. పులి వస్తోందని తెలిశాక నోరే ఎత్తకండి.”

కువలయ, “ఆయన జీతం ఆలస్యమైనప్పుడు నాన్నగారి ఎదుట నిలబడి మాట్లాడతారే, ఆ గొంతు పెట్టమను” అంది. పెట్టాను. వేటపెద్ద కళ్లు చెమ్మగిల్లాయి. “అదీ! అచ్చం లేడే!” అన్నాడు. రాజుల్ని పొగిడిన గొంతుకు అది అంత సులువుగా వచ్చిందేమిటా అని నాలో నేనే కాస్త నొచ్చుకున్నాను.

పొద్దు వాలేవేళకు వేటపెద్ద మమ్మల్ని సర్దాడు. వాగు ఒడ్డున బండరాయి పక్క పొదలో, గాలి చూసుకోమని ఇచ్చిన బూడిద పొట్లంతో నేను. గాలి పోయే వైపు, మద్దిచెట్టు మొదలుకు వీపు ఆనించి శరభాంకుడు. మనిషి భుజాలకంటే వెడల్పైన మొదలు చూసి మరీ ఎంచాడు, ఆకారం విడిగా కనబడకూడదని. వాలిన పొద్దు మా వెనక ఉండేట్టు, వచ్చే పులి కళ్లలో ఎండ పడేట్టు చూశాడు. “ముందు నక్క వస్తుంది, దాన్ని కొట్టకండి. పులి వచ్చాక దాని కళ్లలోకి చూడకండి, చూపు తగిలినా దానికి తెలుస్తుంది. దాని తల చెట్టుచాటుకు పోయినప్పుడే మీరు కదలాలి. తలకు కొట్టకండి, ఎముక. పక్కకు తిరిగాక ముందుకాలి వెనక కొట్టండి” అని చెబుతూనే తను మాత్రం అన్నిటికంటే ఎత్తైన చెట్టు చూసుకుని చివరికొమ్మ దాకా ఎక్కేశాడు. గురువన్నాక అన్నీ పైనుంచి చూడాలి గదా!

“నన్ను అన్నకు ఎదురుగా నిలబెట్టండి” అంది కువలయ. “రాతికి వాసన లేదు. కదలడమా, కదల్లేను. వాడి వీపు నేను చూస్తాను.”

బండి నుంచి ఆమెను దించి, మద్దిచెట్టుకు ఎదురుగా పచ్చికలో నిలబెట్టాం. రాయి అప్పటికే గడ్డం కిందకు వచ్చింది. శరభాంకుడు చెల్లెలి నుదుటి మీద చెయ్యి పెట్టి, “నీకేమీ కానివ్వను” అన్నాడు. “అయినవి చాల్లే. పోయి కదలకుండా కూర్చో. నన్ను చూసి నేర్చుకో” అందామె. ఆయన పోతూ కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

ఇక నేను మొదలెట్టాను. రెండరుపులు అరిచి ఆపాను. అడవి ఊరుకుంది. గండుచీమలు నా పంచెలో దూరి సభ చేశాయి. కదలకూడదు. మళ్లీ అరిచాను. వేటపెద్ద చెప్పినట్టే ఒక నక్క వచ్చి, నా పొద ముందు కూర్చుని, నాలుక బయటపెట్టి నన్నే చూసింది. అటూ ఇటూ తల వంచి, లేడి ఇంత లావుగా ఉంటుందా అన్నట్టు ఆలోచించి వెళ్లిపోయింది.

ఎదురుగా పచ్చికలో కువలయ పెదవులు కదులుతున్నాయి. “అన్నా, గడ్డం పోయింది” అని మెల్లగా చెప్పింది. ఇంకాస్సేపటికి, “మాట తిరగడం లేదు” అంది. శరభాంకుడు కదలలేదు. కదలకుండా ఉండడానికి ఆ మనిషి ఎంత కష్టపడుతున్నాడో విల్లు పట్టిన పిడికిలి చెబుతోంది. నేను మళ్లీ అరిచాను. ఈసారి గొంతులో నటన లేదు, నిజంగానే ఏడుపొచ్చింది.

ఆ అరుపు వెనకే కోనలో కొండముచ్చు ఒకటి పులి జాడ కనిపెట్టి “ఖక్” అంది. చెట్ల మీద గువ్వలు ఒక్కసారిగా నోరు మూశాయి. నేనూ మూశాను.

చాలాసేపు ఏమీ రాలేదు. శరభాంకుడు ముందువైపే చూస్తున్నాడు. నేనూ అటే చూస్తున్నాను. అప్పుడు కువలయ, “అన్నా, నీ వెన...” అంది. అంతే. మాట మధ్యలోనే పెదవులు రాయైపోయాయి. ఆమె కళ్లు మాత్రం మిగిలాయి. ఆ కళ్లు అన్న భుజం మీదుగా, చెట్టు వెనక్కి చూస్తున్నాయి. రెప్ప వెయ్యడం లేదు.

మేము అనుకున్నదానికంటే పెద్ద చుట్టు తిరిగింది ఆడపులి. మద్దిచెట్టుకు అవతల, వాగు ఇసుకలో నిలబడి ఉంది. బుజ్జిగాణ్ని పులి అన్న నా నోరు పడిపోను! ఇది నడుస్తుంటే ఎండే చారలు కట్టి నడుస్తున్నట్టుంది. అడుగు వేస్తే ఆకు కదలలేదు. ముక్కు పైకెత్తి గాలి చూసింది. ఒండ్రుమట్టి, ఆకులు, లేడి పెంటికలు. అనుమానం లేదు దానికి.

శరభాంకుడు చెల్లెలి కళ్లు చదివాడు. పులి తల కొమ్మ చాటుకు వెళ్లినప్పుడు మెల్లగా మోకాళ్ల మీద తిరిగాడు. మళ్లీ చాటుకు వెళ్లినప్పుడు విల్లెత్తాడు. పులి నా పొద వైపు చూస్తూ పక్కకు తిరిగింది. ముందుకాలు ముందుకు వేసింది. అంతకంటే మంచి గురి పాఠశాలలో కూడా దొరకదు. నారి చెవిదాకా వచ్చింది.

బాణం వదల్లేదు.

కొట్టు బాబూ, కొట్టు, అని నాలో నేను మొక్కుకుంటున్నాను. ఆయన నుదుట చెమట ముత్యాలు కట్టింది. వేళ్లు విడవడం లేదు. అప్పుడు ఆయన కంటికొసతో నా పొద వైపు చూశాడు. నాయనా, బిరుదుల కోసం ఆగాడు! బొమ్మ విల్లు నాటి నుంచీ నేను “బహుపరాక్” అనకుండా విడవని వేళ్లవి. పునుగు కడిగాం, నగారా పంపేశాం, ఇది మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

బిరుదులన్నీ చదవాలంటే కుండెడు బియ్యం ఉడకాలి. ఒక్క మాట పెదవి దాటినా పులి నా మీదే. అటు కువలయ చెంపల మీదుగా నలుపు కళ్ల కిందకు పాకుతోంది. ఆ కళ్లు ఇప్పుడు నన్ను చూస్తున్నాయి.

నేను పొదలోంచి లేచి నిలబడ్డాను. జీవితంలో ఎన్నడూ పెట్టనంత గొంతు పెట్టాను.

“కువలయకు అన్న... బహుపరాక్!”

మొదటి మాటకే పులి నా మీదకు లేచింది. చివరి మాటకు నారి మోగింది. ఎదురుగా గాల్లో పసుపూ నలుపూ తప్ప నాకేమీ కనబడలేదు. నా తలపాగా గోళ్లకు చిక్కి ఎగిరిపోయింది. అంత బరువూ నా పక్కన దభేలున పడి, దొర్లి, లేచింది. బాణం దాని భుజంలో ఈకలదాకా దిగి ఉంది, గుండెకు బెత్తెడు దూరంలో. అది నోరు తెరిచి అరిచింది. పులిలా కాదు. “అమ్మో, చచ్చాన్రా!” అని ధూమ్రజటుడి గొంతుతో అరిచి, కుంటుకుంటూ మొగిలిపొదల్లోకి దూరింది.

“...క ఉంది! నీ వెనక ఉంది అని చెబుతున్నా!” అని గుక్కపట్టి అరిచింది కువలయ. రాయి గడ్డం దాకా దిగింది. శరభాంకుడు పరుగున వచ్చి ఆ పిల్ల ముఖం రెండు చేతుల్లో పట్టుకుని నవ్వాడు, ఏడ్చాడు. నేను నా తల ఉందో లేదో తడుముకున్నాను. ఉంది.

“వెంటనే వెళ్లకండి బాబూ!” అని చెట్టు చివరి నుంచి నాగినాయకుడు కేకలు. “గాయపడ్డ పులి వెంట పడేవాడు వేటగాడు కాడు, మేత! రెండు తాంబూలాలు నమిలేంతసేపు ఆగాలి. అది నీరసించాక...”

“అన్నా” అంది కువలయ. నవ్వు పోయింది. “ఆ మాంత్రికుడు తేరుకుంటున్నాడు కాబోలు. మళ్లీ చల్లబడుతోంది.”

శరభాంకుడు ఇంకో బాణం తీశాడు. “భట్టూ, నువ్వు ఇక్కడే ఉండు. చెల్లెల్ని చూసుకో.”

ఉండొచ్చు. ఉండమన్నది యువరాజే. మా ఆవిడ ముఖం కళ్లముందు కదిలింది. “ప్రభూ, వజ్రకూటంలో వందికంటే ముందు యువరాజు నడిచిన చరిత్ర లేదు. నేను లేకపోతే తమరి వేళ్లు విడవవు కూడా” అన్నాను. నాకు అంత ధైర్యం ఎక్కడిదో ఇప్పటికీ అంతు చిక్కదు. చిరిగిన తలపాగా చుట్టుకుని నెత్తుటి చారల వెంట ముందు నడిచాను.

పొద అంచుకు వెళ్లేసరికి లోపలి నుంచి చిన్న అరుపు వినబడింది. రెండుసార్లు. తర్వాత చాలాసేపు నిశ్శబ్దం. గాయపడిన లేడిపిల్ల అరుపు.

“అది నువ్వేనా?” అని శరభాంకుడు గుసగుసగా అడిగాడు.

“నా నోరు మూసే ఉంది ప్రభూ.”

మళ్లీ వినబడింది. అచ్చం నేను అరిచినట్టే, జీతం ఆలస్యమైన గొంతుతో. ఈసారి పిలిచేది పులి, వచ్చేది మేము. నాగినాయకుడు నాకిచ్చిన బూడిదలో చిటికెడు మిగిలితే గాల్లో వదిలాను. అది మా వీపు వైపు నుంచి తేలి, మా కంటే ముందు పొదలోకి పోయింది. చుట్టు తిరిగి అవతలి వైపు నుంచి రావాలని ఇద్దరికీ తెలుసు.

వెనక నుంచి “అన్నా, త్వర...” అన్న కువలయ గొంతు మధ్యలో ఆగిపోయింది.

మేము తిన్నగా పొదలోకి నడిచాం.